ప్రేమమణి అక్క ఆదివారం చదువు

ప్రేమమణి అక్కను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె నా కుర్చీలో కూర్చుని ఉంది. నా కుర్చీ అంటే నేను కొన్నదేం కాదు. సికింద్రాబాద్‌లో ఒక కాలేజీలో ఓపెన్ యూనివర్సిటీ వాళ్ళ స్టడీ సెంటర్ ఉండేది. ప్రతి ఆదివారం అక్కడ క్లాసులు. మొదటి రోజు నేను అందరికంటే ముందు వచ్చి, ఫ్యాను కింద ఉన్న కుర్చీ మీద చున్నీ వేసి నీళ్ళు తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా చున్నీ నీటుగా మడతపెట్టి పక్క కుర్చీలో ఉంది. నా కుర్చీలో తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ప్రార్థనలో ఉన్న మనిషితో కొట్లాడటం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. ఆమె కళ్ళు తెరిచేదాకా పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

"వందనాలండీ. ఈ చున్నీ మీదేనా? నేల మీద పడి మాసిపోతుందని మడతపెట్టాను" అంది. దాంతో నా కోపం సగం చచ్చింది. మిగతా సగం మధ్యాహ్నం ఆమె డబ్బాలోని పులిహోర తిన్నాక పోయింది.

ఆ క్లాసులో మిగతా అందరూ ఇరవై లోపు పిల్లలు. మేమిద్దరమే పెద్దవాళ్ళం. నాకు అప్పటికి ముప్పై దాటింది, ఆమెకు నలభై దాటింది. నేను మల్కాజ్‌గిరిలో ఒక మెడికల్ షాపులో బిల్లులు కొట్టేదాన్ని. మా ఆయన దయాకర్ తన చెల్లెలు డిగ్రీ పాసయిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంటే వినలేక, నేనూ పాసై చూపిస్తానని బీకాంలో చేరాను. నా చదువుకు అంతకంటే గొప్ప కారణం లేదు.

ప్రేమమణి అక్కకు ఉంది. వాళ్ళ నాన్న రైల్వే ఉద్యోగం మీద తెనాలి వైపు నుంచి వచ్చి మౌలాలిలో స్థిరపడ్డాడు. ఆమె అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, లాలాగూడ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేసే జ్ఞానశేఖర్‌ను చేసుకుని అక్కడే ఉండిపోయింది. ఇంటర్‌లో బైపీసీ పాసయ్యాక వాళ్ళమ్మకు పక్షవాతం వస్తే చదువు ఆగింది. ఇంటి దగ్గరి స్కూల్లో నర్సరీ పిల్లల దగ్గర సహాయకురాలిగా చేరింది. అంటే పిల్లల ముక్కులు తుడవడం, బాటిళ్ళ మూతలు తీయడం, నిద్రపోయినవాళ్ళను పక్కకు పడుకోబెట్టడం. ఏళ్ళ తరబడి ఆ పని చేస్తూ, పై తరగతుల్లో సైన్స్ చెప్పే టీచర్లను కిటికీలోంచి చూస్తూ ఉండేది. హెడ్‌మిస్ట్రెస్ మేబెల్ గారు ఒకరోజు ఆ చూపు పట్టేసిందట.

"డిగ్రీ తెచ్చుకో ప్రేమా. ఐదో తరగతి సైన్స్ నీకిస్తాను" అని మాటిచ్చింది.

ఆ మాట మీద ఆమె బీఎస్సీలో చేరింది. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ.

చేరినప్పుడు యూనివర్సిటీ వాళ్ళు ఒక పుస్తకం ఇచ్చారు. డిగ్రీ రావాలంటే ఏమేం చేయాలో అందులో ఉంటుంది. మొదటి ఏడాది అందరికీ ఒకే సబ్జెక్టులు, రెండో ఏడాది నుంచి ఎవరి దారి వాళ్ళది, ఏ పేపర్‌కు ఎన్ని క్రెడిట్లు, ఏది తప్పితే ఏది ఆగుతుంది, ఇలాంటివన్నీ. పాఠాలకంటే ఆ పుస్తకం అర్థం చేసుకోవడమే కష్టమని నా అభిప్రాయం. దాన్ని ఎవరి బుద్ధిని బట్టి వాళ్ళు చదువుకుంటారు. నేను బద్ధకస్తురాలిని కాబట్టి, ఏమేం చేయనక్కర్లేదో ముందు వెతికాను. ఆదివారం క్లాసులకు రావడం మన ఇష్టం అని ఒక చోట కనబడింది. అంతే, నాకు పండగే.

"అక్కా, క్లాసులకు రాకున్నా నడుస్తదట. పుస్తకంల రాసిండ్రు" అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "వాళ్ళు అలాగే రాస్తారు నవతా. హాజరు పట్టీ ఎందుకు పెట్టారు మరి? ఎవరు వస్తున్నారో, ఎవరు ఎగ్గొడుతున్నారో చూడ్డానికే కదా?"

ఆమె మాట్లాడేది సండే స్కూల్ లెక్క అని నాకు తర్వాత అర్థమైంది. వాళ్ళ చర్చిలో పిల్లల సండే స్కూల్ ఆమే నడిపేది. అక్కడ ఆదివారం రావడమే అసలు చదువు. వచ్చినవాళ్ళకు కార్డు మీద నక్షత్రం అంటిస్తారు, క్రిస్మస్‌కు బహుమతి ఇస్తారు. ఎండాకాలంలో మాత్రం వీబీఎస్ అని సెలవుల బైబిల్ బడి పెడతారు. పాటలు, కథలు, రంగు కాగితాలతో బొమ్మలు, చివర్లో గ్లాసెడు రస్నా. దానికి వచ్చినవాళ్ళు వస్తారు, అమ్మమ్మగారింటికి పోయినవాళ్ళు పోతారు, ఎవరూ ఏమీ అనరు. కాబట్టి ఆదివారం పెట్టేది తప్పనిసరి, సెలవుల్లో పెట్టేది సరదా. ఆ లెక్కతోనే ఆమె యూనివర్సిటీనీ కొలిచింది. పుస్తకాన్ని రోజుకో పేజీ చొప్పున, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ మరీ చదివింది. కానీ చదివేది ఏ కళ్ళజోడు పెట్టుకుని అన్నది కూడా ఉంటుంది కదా.

ఆదివారాలు వదులుకోవడం ఆమెకు చిన్న సంగతి కాదు. సండే స్కూల్‌ను వేరేవాళ్ళకు అప్పగించింది. క్వయర్‌లో పాడటం మానేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆరాధన తప్పడం అదే మొదలు. చర్చిలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. జ్ఞానశేఖర్ అన్న మాత్రం బెంచీలో ఒక్కడే కూర్చుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "మా ఆవిడ యూనివర్సిటీకి వెళ్ళింది" అని గట్టిగా చెప్పేవాడట.

నేను క్లాసులు మానేద్దామనుకున్నదాన్ని, ఆమె కోసం పోవడం షురూ చేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా జీవితంలో మంచి రోజులంటే అవే. రెండో ఏడాది గదులు వేరయినా, కామర్స్ గది పక్కనే సైన్స్ గది. నా క్లాసు అయిపోగానే పోయి ఆమె వెనక కూర్చునేదాన్ని. సారు బోర్డు మీద పువ్వును నిలువునా కోసినట్టు బొమ్మ వేస్తుంటే, ఈమె వాచీ చూసుకుని "ఇప్పుడు రెండో కీర్తన పాడుతుంటారు" అని గొణిగేది. తర్వాత బొమ్మ దించుకుంటూనే ఆ పాట సన్నగా కూనిరాగం తీసేది. పాపం సారుకు ఏదో తుమ్మెద దూరిందనిపించేది, కిటికీ వైపు చూసేవాడు. మధ్యాహ్నం బయటపడి, స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ను ఇద్దరం పంచుకుని, మోండా మార్కెట్‌లో తిరిగేవాళ్ళం. కూరగాయల బండి ముందు ఆగి, అరటి పువ్వును పట్టుకుని ఇది కేసరం, ఇది అండాశయం అని నాకు పాఠం చెప్పేది. "కొంటారా, పరీక్ష రాస్తారా?" అని బండాయన కసిరేవాడు. ఆ నవ్వులు మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఆ దారిన పోతే బస్సు దిగబుద్ధి కూడా కాదు నాకు.

మొదటి ఏడాది ఇద్దరం పాసయ్యాం. ఆమెకు మంచి మార్కులు, నాకు పాసు మార్కులు.

రెండో ఏడాది మే నెలలో సైన్స్ వాళ్ళకు ల్యాబ్ క్లాసులు పెట్టారు. సరిగ్గా అవే రోజుల్లో వాళ్ళ చర్చిలో వీబీఎస్. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "సెలవుల్లో పెట్టేది తప్పనిసరి ఎలా అవుతుంది? ఆదివారాలు ఒక్కటి కూడా మానలేదు కదా నేను" అని, ఏటా నడిపినట్టే వీబీఎస్ నడిపింది. నాకు బీకాంలో ల్యాబులు లేవు కాబట్టి వాటి సంగతి నాకూ తెలియదు.

ప్రాక్టికల్ పరీక్షలకు హాల్ టికెట్లు ఇచ్చేరోజు ఆమెది రాలేదు. ఇద్దరం ఆఫీసులోకి పోయాం. అక్కడున్నాయన మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు. "అమ్మా, మీరు ల్యాబ్‌కు ఒక్కరోజు కూడా రాలేదు. సైన్స్ వాళ్ళకు అదొక్కటే తప్పనిసరి. అది లేకుండా పరీక్ష ఉండదు."

"కానీ సార్, నేను ఆదివారాలన్నీ వచ్చాను. రిజిస్టర్ చూడండి" అంది ఆమె.

"అవి వచ్చినా రాకపోయినా ఒకటేనమ్మా. ఎన్ని కుర్చీలు వెయ్యాలో తెలియడానికి పెట్టాం ఆ రిజిస్టర్."

ఆమె మెట్ల మీద కూలబడింది. నేను ఆ ఆఫీసాయన్నీ, యూనివర్సిటీనీ, ఆ పుస్తకం రాసినవాణ్ణీ కలిపి తిడుతూ ఉన్నాను. ఆమె "అయితే నేను చర్చికి పోయినా సరిపోయేదన్నమాట" అంది. అంత చిన్న గొంతు ఆమె దగ్గర నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. నేను సామాన్యంగా ఏడ్చే రకం కాదు.

దారి మూసుకుపోలేదు. వచ్చే మే నెలలో రెండో ఏడాదివీ మూడో ఏడాదివీ ల్యాబులు రెండూ కలిపి చేసుకోవచ్చన్నారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఆ ఒక్క నెల సరిగ్గా చేస్తే డిగ్రీ చేతికొస్తుంది. కానీ గోరుచుట్టు మీద రోకటిపోటులాగా స్కూల్లో కొత్త మేనేజ్‌మెంట్ వచ్చింది. ఐదో తరగతి సైన్స్‌కు డిగ్రీ ఉన్న టీచర్‌ను ఎలాగైనా ఆ ఏడాదే వేయాలన్నారు. పరీక్షలు రాసి పాసవుతుందన్న నమ్మకంతో మేబెల్ గారు ఎలాగో మూడో ఏడాది ఫలితాలదాకా గడువు తెచ్చింది. ఆ తర్వాత తన చేతిలో ఏమీ లేదని ముందే చెప్పేసింది. ఇంకో ఏడాది పోతే ప్రేమమణి అక్క జన్మంతా ముక్కులు తుడుస్తూనే ఉంటుంది.

మే వచ్చింది. ల్యాబ్ తేదీలు వచ్చాయి. వీబీఎస్ తేదీలూ వచ్చాయి. మళ్ళీ రెండూ ఒకటే.

పాస్టర్ గారి భార్య దేవకృప గారిని అడిగితే, తేదీలు మార్చడం కుదరదంది. హాలు ఆ రోజుల్లోనే ఖాళీ. "నువ్వు లేకుండా వీబీఎస్ ఏంటి ప్రేమా? కథలూ వాక్యాలూ నేను చెబుతాను. ఆ పిల్లమూకను పట్టేదెవరు? పాటలకు గంతులేసేదెవరు?" అందట.

ఆ మాట నాకు చెబుతూ, "పోనీలే నవతా. దేవుడి పని ముందు. డిగ్రీ నాకు రాసిపెట్టి లేదేమో" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏందక్కా రాసిపెట్టేది? గిట్ల మల్లొక్క ఏడాది పోగొట్టుకుంటవా? ఐదో తరగతి ఎవలకో ఇస్తరు, నువ్వు మూతలు తీస్కుంట కూసో! నేను చేస్త మీ వీబీఎస్. నువ్వు ల్యాబ్‌కు పో!"

కాలు జారితే లేవచ్చు, నోరు జారితే ఏం చేస్తాం? అనేశాక నాకే గుండె జారింది. ఆమె నోరు తెరుచుకుని చూసింది. "నువ్వా? నీకు పాటలే రావు కదా."

"పాటలు నేర్పు. గంతులు నాకొస్తయి."

మెడికల్ షాపులో సెలవు అడిగి, మా అత్త దేవమ్మ ఏమంటుందోనని భయపడుతూ ఇంట్లో చెప్పాను. ఏటా తప్పకుండా మహంకాళికి బోనమెత్తే మనిషి. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "చిన్న పోరగాళ్ళను ఆడిపియ్యనీకి దేవుడు అడ్డమొస్తడా? పో. జెర నీడపట్టున ఉండు" అంది. పాస్టర్ గారు కూడా గడ్డం రుద్దుకుని, ఆలోచించి, "పిల్లల్ని ప్రేమించేవాళ్ళయితే చాలమ్మా" అన్నారు. వాళ్ళందరికీ లేని అభ్యంతరం నా కాళ్ళకే ఉంది. మౌలాలి ఎండలో, రేకుల కప్పున్న ఆ హాల్లో, ఎనభై మంది పిల్లల ముందు ఎగిరితే తెలుస్తుంది.

మొదటి రోజే ఒకడు అడిగాడు. "టీచర్, మీకు బొట్టుందేంటి?"

"నా నొసలు పెద్దగున్నది బిడ్డా, ఖాళీగ ఉంటే మంచిగుండదని" అన్నాను. వాడు నా నొసలు పరీక్షగా చూసి నిజమేనని ఒప్పుకున్నాడు.

షెకీనా అనే పిల్ల మాత్రం నన్ను ఒప్పుకోలేదు. ఆరేళ్ళుంటాయేమో. రెండేళ్ళుగా వీబీఎస్‌కు వస్తోందట గానీ ఎవరితోనూ మాట్లాడదు, పాడదు. ప్రేమమణి అక్క ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎంత బుజ్జగించినా పెదవి విప్పలేదట. నేను గంతులేస్తుంటే ఆ పిల్ల స్తంభానికి ఆనుకుని ద్వారం వైపే చూసేది. ఒకరోజు రస్నా ఇస్తుంటే నా కొంగు పట్టుకుంది.

"ప్రేమమణి టీచర్ ఎక్కడికి పోయింది?"

పక్కనే గ్లాసులు అందిస్తున్న దేవకృప గారు, ఆ పిల్ల గొంతు మొదటిసారి విని ఆగిపోయింది. నేను మామూలుగానే అన్నాను. "చదువుకోనీకి పోయింది. పరీక్ష ఉన్నది ఆమెకు."

"టీచర్లకు కూడా పరీక్షలుంటాయా?"

"ఉంటయి. ఆమెకు సుత మస్తు భయమైతున్నదట."

ఆ పిల్ల రస్నా తాగడం మరిచిపోయి నిలబడింది. మర్నాడు స్తంభం దగ్గర లేదు, మొదటి వరుసలో ఉంది.

రోజూ సాయంత్రం ప్రేమమణి అక్క ఫోన్ చేసేది. ల్యాబ్‌లో బొద్దింకను కోసిన సంగతి ఒక్క ముక్కలో చెప్పి, "ఓడ పాటకు చేతులు ఇలా తిప్పించావా? ఎవరైనా నన్ను అడిగారా?" అని గుచ్చి గుచ్చి అడిగేది. వింటే ల్యాబ్ వదిలేసి పరిగెత్తుకొస్తుందని, షెకీనా సంగతి నేను కావాలనే చెప్పలేదు.

ఆమె ల్యాబులు పూర్తి చేసింది, పరీక్షలు రాసింది, పాసయింది. ఫలితాలు వచ్చాక మేబెల్ గారు మాట నిలబెట్టుకుని ఐదో తరగతి సైన్స్ ఇచ్చింది. ఇప్పటికీ అక్కడే చెబుతోంది, బోర్డు మీద పువ్వుల బొమ్మలు వేస్తూ. నేనూ ఎలాగో గట్టెక్కాను. మా ఆయన చెల్లెలి ఊసు ఎత్తడం మానేశాడు. కానీ ఆ డిగ్రీ అనగానే నాకు గుర్తొచ్చేది వీబీఎస్ ముగింపు సాయంత్రం.

ఆ రోజు ఆమెకు ల్యాబ్‌లో ఆఖరి రోజు. కార్యక్రమం మొదలయ్యాక, చెమటతో తడిసి, తెల్ల కోటు చంకన పెట్టుకుని, మందుల వాసనతో వచ్చింది. ముందుకు రమ్మని సైగ చేశాను. రాలేదు. తల్లిదండ్రుల మధ్య, అన్నింటికంటే వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పిల్లలు ఓడ పాట పాడారు. చేతులు తిప్పాల్సిన చోట తిప్పారు. వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పారు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

అయ్యాక దగ్గరికి పోతే, నవ్వడానికి ప్రయత్నించింది. "నేను లేకపోయినా బాగానే జరిగింది నవతా."

"ఔ, జరిగింది."

"సంతోషమే. నిజంగా సంతోషమే." కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ నేను లేకపోతే ఆగిపోతుందనుకున్నాను చూడు. ఆదివారాలూ వదిలేశాను, ఇదీ వదిలేశాను. ఇక ఇక్కడ నాకు పనేముంది?"

కుర్చీలు ఎత్తిపెడుతున్నారు. పిల్లలు గోల గోలగా గేటు వైపు పోతున్నారు. వాళ్ళలోంచి షెకీనా వెనక్కి తిరిగి, వాళ్ళమ్మ చెయ్యి విడిపించుకుని, నేరుగా వచ్చి ఆమె ముందు నిలబడింది. రెండేళ్ళలో ఆమెతో ఒక్క మాట మాట్లాడని పిల్ల.

"టీచర్, మీ చదువు అయిపోయిందా?"

ప్రేమమణి అక్క నా వైపు చూసింది, మళ్ళీ ఆ పిల్ల వైపు చూసింది. "ల్యాబ్ అయిపోయిందమ్మా. పరీక్షలున్నాయి ఇంకా."

"భయమేసిందా?"

"చాలా భయమేసింది."

"నాకూ వేసింది. అందరూ చూస్తుంటే" అంది షెకీనా. "అయినా పాడాను. మీరు విన్నారా?"

"వినలేదురా. వెనకెక్కడో కూర్చున్నాను, నీ గొంతు నాదాకా రాలేదు."

ఆ పిల్ల అక్క చంకలోని తెల్ల కోటు లాగి, కుర్చీలో పెట్టి, ఆమెను దాని పక్క కుర్చీలో కూర్చోమంది. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, ఓడ పాట మొదటి నుంచి ఎత్తుకుంది.